‘షార్ట్ ఫిల్మ్‌లా ఉంది’ అన్నది తిట్టెందుకైంది?

కొత్త సినిమా నచ్చకపోతే మనవాళ్లు సులువుగా అనేసే మాట ఒకటుంది, "షార్ట్ ఫిల్మ్‌లా ఉంది" అని. అనంతపురంలో రెండు మూడు షార్ట్ ఫిల్ములకు లైట్లు మోసినవాణ్ని కాబట్టి నాకది ఎక్కడో గుచ్చుకుంటుంది. ఇన్నేళ్లుగా ఇంతమంది చేతి డబ్బులు పెట్టి తీస్తున్నా అది తిట్టుగానే ఎందుకు మిగిలింది?

సీమకు సినిమా కొత్తేం కాదు. తాడిపత్రిలో పుట్టిన కె.వి.రెడ్డి, కడప జిల్లా నుంచి వెళ్లిన బి.ఎన్.రెడ్డి, నాగిరెడ్డి అన్నదమ్ములు ఎంతటివాళ్లో చెప్పక్కర్లేదు. కానీ వాళ్లంతా మద్రాసు బండి ఎక్కాల్సి వచ్చింది. తర్వాత ఆ బండి హైదరాబాదు వైపు మళ్లింది, అంతే తేడా.

2008లో కెనాన్ 5డీ మార్క్ టూ వచ్చింది, ఫొటోలు తీసే కెమెరాలోనే ఫుల్ హెచ్‌డీ వీడియో. ఇలాంటి కెమెరాలు మా దగ్గర మొదట కొన్నది పెళ్లిళ్లు తీసే స్టూడియోవాళ్లు. ఆషాఢంలో, మూఢంలో ముహూర్తాలుండవు కదా, కెమెరా బీరువాలో ఊరికే పడి ఉంటుంది, బతిమాలితే పెట్రోలు డబ్బులకే ఇచ్చేవాళ్లు, రాత్రిపూట పెళ్లి వీడియోలు కోసే సిస్టమ్ మీదే మా ఎడిటింగ్ కూడా అయిపోయేది. నేను పనిచేసినవన్నీ ఆషాఢంలో తీసినవే. (నటీనటులకు పారితోషికం బిర్యానీ. ఒకసారి అదీ సరిపోలేదు.)

చూపించుకోవడానికి యూట్యూబ్ ఉంది. 2010 దాకా 10 నిమిషాలు దాటితే ఒప్పుకునేది కాదు, అందుకే అప్పటివి ‘పార్ట్ 1, పార్ట్ 2’ అని ముక్కలుగా ఉంటాయి. ఆ ఏడాదే హద్దు ముందు 15 నిమిషాలైంది, తర్వాత చాలామందికి ఎత్తేశారు. అక్కణ్నుంచి నాలుగైదేళ్లు మంచి రోజులు. మా అనంతపురం సుజీత్ షార్ట్ ఫిల్ములు తీసి 2014లో పెద్ద తెర మీదికి వెళ్లి, 2019కల్లా ప్రభాస్‌తో ‘సాహో’ తీశాడు. రాయచోటి కిరణ్ అబ్బవరం కూడా షార్ట్ ఫిల్ముల్లో నటించి, ఆ దారిలోనే సినిమా హీరో అయ్యాడు.

గొప్ప సంగతే. కానీ నా లెక్కలో చిక్కు ఇక్కడే మొదలైంది. షార్ట్ ఫిల్మ్ అంటే ఫిల్మ్‌నగర్‌కు పట్టుకెళ్లే విజిటింగ్ కార్డు అని తీసేవాళ్లూ చూసేవాళ్లూ కూడా ఖాయం చేసుకున్నారు. కార్డును ఎవరు దాచుకుంటారు?

2016 సెప్టెంబరులో జియో వచ్చాక చూసేవాళ్లు పెరిగారు, వాళ్లకంటే ఎక్కువగా వీడియోలు పెరిగాయి. 2018లో యూట్యూబ్ కొత్త షరతు పెట్టింది: ప్రకటనల డబ్బు రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, గడిచిన 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ ఉండాలి. 20 నిమిషాల సినిమాను మనిషికి సగటున 6 నిమిషాలు చూశారనుకుందాం, 40,000 వ్యూస్ కావాలి. రోజూ వ్లాగ్ పెట్టేవాడికి ఇదో లెక్క కాదు. ఏడాదిపైగా జీతంలో మిగిల్చి ఒక్క సినిమా తీసేవాడికి మాత్రం, రెండోది తయారయ్యేలోపు మొదటిదాని గంటలు గడువు దాటి లెక్కలోంచి జారిపోతాయి. 2023లో 500 సబ్‌స్క్రైబర్లు, 3,000 గంటలు చాలన్న మెట్టు ఒకటి వేశారు, దానికీ 90 రోజుల్లో 3 వీడియోలు పెట్టి ఉండాలట, పైగా ప్రకటనల వాటా అందులో రాదు.

ఇక మా వైపువాళ్లకు ఇంకో బరువుంది. 1999లో ‘సమరసింహారెడ్డి’ ఆడినప్పటి నుంచి సీమ అంటే సుమోలు, బాంబులే. వేరుశనక్కాయల చేను మీద, బోరు ఎండిన ఇంటి మీద సినిమా తీస్తే క్లిక్ ఎవరు చేస్తారని థంబ్‌నెయిల్‌లో, అంటే వీడియో తెరవకముందు కనిపించే బొమ్మలో, వేటకొడవలి పెట్టమంటారు. మేం ఒకసారి పెట్టాం కూడా. కథలో కొడవలి ఉంది, గడ్డి కోసేది. టీ కొట్టు దగ్గర చూసినాయన ఒకరు, "యాడబ్బా, నరికేది రానేలేదే?" అని అడిగాడు. చివరిదాకా చూసినట్టున్నాడు, అదే మాకు సంతోషం.