కాలు చల్లబడితే కేసులు తగ్గేదాకా ఆగదు: అపోహలు - వాస్తవాలు

మన రాష్ట్రంలో మొదటి కరోనా కేసు బయటపడింది మా నెల్లూరులోనే, 2020 మార్చి 12న. పక్షం తిరక్కుండానే లాక్‌డౌన్ వచ్చింది. రక్తనాళాల సర్జన్‌గా ఆ రోజుల్లో నేనొక వింత చూశాను. పిక్కల మీద నరాలు ఉబ్బి ఏళ్ల తరబడి ఉన్నవాళ్లు "ఆపరేషన్ వాయిదా పడింది, ఏమైపోతామో" అని రోజూ ఫోన్లు చేసేవాళ్లు. కాలు పాలిపోయి చల్లబడినవాళ్లు మాత్రం కేసులు తగ్గాక పోదాంలే అని ఇంట్లోనే కూర్చున్నారు. ఆగగలిగినవాళ్లు కంగారుపడ్డారు, ఆగకూడనివాళ్లు ఆగారు. అప్పుడు విన్న మాటలే ఇప్పటికీ ఓపీలో వింటున్నాను.

అసలు చిక్కు మన భాషలోనే ఉంది. రక్తనాళాన్నీ నరం అనే అంటాం. కాలికి రక్తం అందకపోయినా "నరం పట్టేసింది" అని నరాల డాక్టరు దగ్గరికో, కట్లు కట్టేవాళ్ల దగ్గరికో వెళ్తారు. మామూలు రోజుల్లో అక్కడ ఒక రోజు పోతుంది, లాక్‌డౌన్‌లో వారం పోయింది. గుండె నుంచి రక్తం తెచ్చేది ధమని. అది మూసుకుపోతే కాలు పాలిపోయి చల్లబడుతుంది. రక్తాన్ని తిరిగి తీసుకెళ్లేది సిర. అందులో గడ్డ కడితే కాలు వాచి, బరువెక్కి, తరచూ వెచ్చగా ఉంటుంది.

అపోహ: నొప్పి తగ్గింది, అంటే నయమవుతోంది

నేను చూసినంతలో ఎక్కువ కాళ్లు పోయింది ఈ నమ్మకంతోనే. ఉదయగిరి వైపు నుంచి ఓ పెద్దాయన మూడో రోజు వచ్చాడు. "మొన్న రాత్రంతా నొప్పికి చచ్చిపోయాను సార్. నిన్నటి నుంచి ఏమీ లేదు. మావాడే ఊరుకోకుండా లాక్కొచ్చాడు" అన్నాడు. పాదం మీద గిచ్చితే ఆయనకు తెలియలేదు. వేళ్లు కదపమంటే కదల్లేదు. పిక్క చెక్కలా గట్టిపడి ఉంది. తగ్గింది నొప్పి కాదు, నొప్పిని చెప్పే నరాలే చచ్చిపోయాయి.

ధమని ఒక్కసారిగా మూసుకుపోతే కాలి కండరాలు, నరాలు దాదాపు 6 గంటలే ఓర్చుకుంటాయి. ఉదయగిరి నుంచి నెల్లూరు రావడానికే రెండు గంటలు పడుతుంది, అదీ బండి వెంటనే దొరికితే. వేళకు వస్తే గజ్జ దగ్గర చిన్న కోత పెట్టి, చివర బుడగ ఉన్న సన్నటి గొట్టాన్ని ధమనిలోకి పంపి, బుడగ ఊది వెనక్కి లాగుతాం. గడ్డ దానితోపాటు బయటికి వస్తుంది. ఫోగర్టీ అనే అమెరికా సర్జన్ 1960ల మొదట్లో తెచ్చిన పద్ధతి ఇది, ఇప్పటికీ మా చేతిలో మొదటి ఆయుధం. ఆ పెద్దాయనకు మాత్రం మోకాలి పైకి తీసేయాల్సి వచ్చింది.

ఆయన పాదానికి బొబ్బలు కూడా ఉన్నాయి. కాలు చల్లగా ఉందని ఇంట్లోవాళ్లు ఇసుక మూటతో కాపడం పెట్టారు. రక్తం ఆడని చర్మం ఆ వేడిని తట్టుకోలేదు, కాలుతున్నట్టు మనిషికీ తెలియదు. వాచిన కాలికైతే ఇంకో ప్రమాదం: పిక్క మర్దన చేస్తే సిరలోని గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళ్లొచ్చు. కాపడమూ వద్దు, బామూ వద్దు.

అపోహ: కరోనా ఊపిరితిత్తుల జబ్బు, కాళ్లకేం సంబంధం?

కరోనా వచ్చినప్పుడు రక్తనాళాల లోపలి నున్నటి పొర దెబ్బతింటుంది. రక్తానికి గడ్డకట్టే గుణం పెరుగుతుంది. దానికి తోడు జ్వరంతో ఒంట్లో నీళ్లు తగ్గి, మనిషి మంచానికి అతుక్కుపోతాడు. గడ్డకట్టడానికి ఈ మూడూ చాలు. 2021 సెకండ్ వేవ్‌లో బీడీ, షుగర్ ఏవీ లేని నలభై ఏళ్లవాళ్లు కూడా చల్లబడ్డ కాలితో వచ్చారు. జ్వరం తగ్గాక మళ్లీ ఆయాసం మొదలైతే కరోనా నీరసమేలే అని వదిలేయకూడదు. ఊపిరితిత్తుల్లో గడ్డ అయి ఉండొచ్చు.

అపోహ: డీ-డైమర్ పెరిగితే రక్తం పలచబడే మాత్రలు వేసుకోవాలి

డీ-డైమర్ అంటే ఒంట్లో ఎక్కడైనా గడ్డ కట్టి కరుగుతుంటే పెరిగే పదార్థాన్ని కొలిచే రక్తపరీక్ష. 2021 మేలో రోజు మార్చి రోజు ఈ పరీక్ష చేయించుకున్నవాళ్లున్నారు. ఇన్ఫెక్షన్, గర్భం, ఆపరేషన్, వయసు... ఏ కారణంతోనైనా డీ-డైమర్ పెరుగుతుంది. అనుమానం తక్కువగా ఉన్నప్పుడు గడ్డ లేదని తేల్చుకోవడానికే దాంతో ఎక్కువ ఉపయోగం. వాట్సాప్ చీటీ చూపించి మాత్రలు కొనుక్కుని, కడుపులో రక్తస్రావమై నల్లటి విరేచనాలతో వచ్చినవాళ్లను చూశాను.

ఇంకొందరు ఎకోస్ప్రిన్, అంటే ఆస్పిరిన్ మాత్ర, వేసుకుంటే చాలనుకున్నారు. బ్రిటన్‌లో దాదాపు 15 వేల మంది కరోనా రోగులపై జరిగిన 'రికవరీ' అనే పరిశోధనలో ఆస్పిరిన్ మరణాలను తగ్గించలేదని 2021లోనే తేలింది. అయితే గుండెకో, కాలి ధమనికో స్టెంట్ వేయించుకుని ఎకోస్ప్రిన్ వాడుతున్నవాళ్లు దాన్ని సొంతంగా మానడం అంతకన్నా పెద్ద తప్పు. షాపుల్లో మందు లేదని మానేసి, స్టెంట్ మూసుకుపోయి వచ్చినవాళ్లు ఉన్నారు. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్లయితే, రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష నెలల తరబడి లేకుండా అదే డోసు మింగారు.

అపోహ: ఫోటో పంపితే డాక్టరు చెప్పేస్తాడు

ఫోన్‌లో వైద్యానికి కేంద్రం 2020 మార్చి 25న నిబంధనలు ఇచ్చింది. పుండు మానుతోందో లేదో చూడ్డానికి అవి చాలా పనికొచ్చాయి. కానీ ట్యూబ్‌లైట్ కింద తీసిన ఫోటోలో అన్ని పాదాలూ పాలిపోయినట్టే ఉంటాయి, నాడి ఫోటోకు దొరకదు. అందుకే ఇంట్లోవాళ్లకు నేర్పాను: అరచేతితో కాదు, చేతి వెనక వైపుతో రెండు పాదాలూ తాకండి, ఏది చల్లగా ఉందో చెప్పండి. బొటనవేలు నొక్కి వదలండి, ఎరుపు ఎంతసేపటికి తిరిగొస్తుందో చూడండి. డయాలసిస్ వాళ్లు చేతి ఫిస్టులా (డయాలసిస్ కోసం ధమనినీ సిరనూ కలిపిన చోటు) మీద వేళ్లు పెట్టి చూడండి, లోపల జుమ్మంటుంటే పనిచేస్తున్నట్టు. ఆ కదలిక ఆగితే అదే రోజు రావాలి.

అపోహ: పొగ తాగేవాళ్లకు కరోనా రాదు

2020 ఏప్రిల్‌లో ఫ్రాన్స్ నుంచి నికోటిన్ కాపాడుతుందేమో అనే ఊహ ఒకటి వచ్చింది. కలిగిరి, డీసీపల్లి పొగాకు వేలం కేంద్రాలున్న జిల్లాలో అది ఎంత వేగంగా పాకి ఉంటుందో చెప్పక్కర్లేదు. పొగ ధమనులను మూసేస్తుంది. అంతే.

అపోహ: వ్యాక్సిన్ వల్లే గడ్డలు కడుతున్నాయి

పూర్తి అబద్ధం కాదు. కోవిషీల్డ్ తరహా టీకాతో అరుదుగా ఆ సమస్య వచ్చింది. మన దేశంలో 10 లక్షల డోసులకు 0.61 కేసులని జాతీయ కమిటీ 2021 మేలో చెప్పింది. కరోనా వల్ల గడ్డలు కట్టడం దానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

అపోహ: ఆసుపత్రికి వెళ్తే అక్కడే అంటుకుంటుంది

ఆ భయాన్ని కొట్టిపారేయను, నాకూ ఉండేది. కానీ అలా భయపడినవాళ్లలో కొందరే 2021 మేలో ఆనందయ్య ఇచ్చే కరోనా నాటుమందు కోసం కృష్ణపట్నం గుంపుల్లో నిలబడ్డారు. ఉబ్బు నరాల ఆపరేషన్ ఆగొచ్చు. కొంతదూరం నడిస్తే పిక్క పట్టేయడం, నిలబడితే వదిలేయడం, ఇదీ కొన్ని వారాలు ఆగుతుంది. పడుకున్నా పాదం నొప్పి, వేలు నల్లబడటం, షుగర్ కాలికి వాసన వచ్చే పుండు, ఒక్కసారిగా చల్లబడ్డ కాలు ఆగవు. బయల్దేరేముందు ఆసుపత్రికి ఫోన్ చేయండి, థియేటర్ సిద్ధంగా ఉంచుతారు. దారిలో ఏమీ తినిపించకండి, చల్లబడ్డ కాలిని దిండు మీదకి ఎత్తకండి. వాడే మందుల అట్టలన్నీ వెంట తెచ్చుకోండి.