టాప్ ఫ్లోర్ ఉడుకు: ఫాల్స్ సీలింగ్‌కి అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇది చదవండి

మార్చి నెల సగం దాటిందంటే నాకు ఒకటే రకం ఫోన్లు. "అన్నా, పై అంతస్తులో ఉండలేకపోతున్నాం, ఫాల్స్ సీలింగ్ వేయిస్తే తగ్గుతుందంటున్నారు, నిజమేనా?" చెన్నైలో టెర్రస్ పనులు నా వృత్తి. వాటర్‌ప్రూఫింగ్, సుర్కీ (సున్నం, ఇటుక పొడి కలిపి వేసే గచ్చు), టైల్స్, కూల్ రూఫ్ కోటింగ్ (ఎండని తిప్పికొట్టే తెల్ల పూత) అన్నీ చేస్తాం. అడిగిన ప్రతివాళ్లకీ చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది కాబట్టి ఒకసారి రాసి పడేస్తున్నా.

అపోహ: ఫాల్స్ సీలింగ్ వేస్తే ఇల్లు చల్లబడుతుంది

వేడి మొదలయ్యేది పైన. ఏప్రిల్ చివరి వారంలో చెన్నైలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిలువు కర్ర నీడ కూడా కనపడని రోజు ఒకటి ఆ వారంలోనే వస్తుంది. ఆ సమయంలో గోడల మీద పడే ఎండ తక్కువ, దెబ్బంతా స్లాబ్‌కే. మామూలు సిమెంటు గచ్చు ఆ ఎండలో మూడింట రెండొంతులు తాగేస్తుంది, పైన 60 డిగ్రీల దాకా వెళ్లడం మామూలే. ఐదారంగుళాల కాంక్రీటు దాటి ఆ వేడి కిందికి దిగడానికి నాలుగైదు గంటలు పడుతుంది. అందుకే మధ్యాహ్నం ఎలాగో ఓర్చుకున్న గది, బయట సముద్రపు గాలి వీస్తున్న రాత్రి ఎనిమిదింటికి ఉడికిపోతుంది.

ఇప్పుడు చెప్పండి, ఫాల్స్ సీలింగ్ ఎక్కడ వేస్తున్నారు? వేడంతా స్లాబ్‌లోకి ఎక్కేశాక, దాని కింద. గొడుగు తీసుకెళ్లి చొక్కా లోపల పట్టుకున్నట్టు.

అసలు తేడానే ఉండదని నేను అనను. బోర్డుకీ స్లాబ్‌కీ మధ్య ఉండే గాలి కొంత ఆపుతుంది, గ్లాస్ వూల్ (గాజు పీచు) పరిస్తే ఇంకాస్త ఆపుతుంది. కానీ స్లాబ్ పగలు సాగడం, రాత్రి ముడుచుకోవడం మాత్రం ఆగదు, పగుళ్లు ఆగవు, అక్టోబరు వానల్లో ఆ పగుళ్లలోంచి నీళ్లు దిగినా బోర్డు మీద మరక తేలేదాకా మీకు తెలియదు.

కొళత్తూరులో ఒక పెద్దావిడ, నెల్లూరు వైపు వాళ్లే, రిటైర్మెంట్ డబ్బు తీసి మూడు గదులకీ సీలింగ్ చేయించారు. వేడి తగ్గలేదని నన్ను పిలిచారు. సాయంత్రం ఏడింటికి స్టూలెక్కి ఒక స్పాట్‌లైట్ ఊడదీసి, ఆ కన్నంలోంచి చెయ్యి పైకి పెట్టి స్లాబ్‌కి ఆనించాను, ఎక్కువసేపు ఉంచలేకపోయాను. వాళ్లబ్బాయిని కూడా ఎక్కించి పెట్టి చూడమన్నాను. ఆవిడ కిందనించి "ఏసీ కూడా అక్కర్లేదన్నాడే నాయనా ఆ సీలింగబ్బాయి" అన్నారు. ఏం చెప్తాం. మొట్టమాడి (డాబా పైకి) ఎక్కి చూస్తే గచ్చంతా టెర్రకోట రంగు. లీకేజీకని అంతకుముందు వేయించిన కోటింగ్ అట. లీకు ఆగింది, నిజమే. వేడి విషయంలో మాత్రం ఉత్త గచ్చు కంటే మేలేమీ కాదు. దాని మీదే తెల్ల కోటింగ్ రెండు చేతులు వేశాం, సీలింగ్‌కి అయిన ఖర్చులో చిన్న ముక్క. ఇప్పుడు ఆవిడ తొమ్మిదింటికే పడుకుంటున్నారు.

అపోహ: వాటర్‌ప్రూఫింగ్ చేయించాం కాబట్టి హీట్‌ప్రూఫ్ కూడా అయిపోయింది

రెండూ వేర్వేరు. నల్ల తారు షీటు పరిచి పైన ఏమీ వేయకుండా వదిలేస్తే ఇల్లు ఇంకా వేడెక్కుతుంది. వేడికి కావలసింది తెలుపు. డబ్బా మీద రాసింది నమ్మకుండా డేటా షీటు అడిగి ఎస్‌.ఆర్‌.ఐ. అంకె (కప్పు ఎండని ఎంత తిప్పికొట్టి ఎంత చల్లగా ఉంటుందో చెప్పే లెక్క, ఎక్కువుంటే మంచిది) చూడండి, మంచి తెల్ల కోటింగ్‌కి కొత్తలో 100 చుట్టుపక్కల ఉంటుంది. దుమ్ము పట్టేకొద్దీ పనితనం తగ్గుతుంది, ఎండాకాలంలో ఒకటి రెండు సార్లు చీపురుతో కడగాలి.

"15 డిగ్రీలు తగ్గుతుంది" అని అమ్మేవాళ్లు చెప్పేది గచ్చు పైభాగం లెక్క. గదిలో రెండు మూడు డిగ్రీలు తగ్గితే మంచి పని జరిగినట్టే. అంతేనా అనకండి, పైకప్పు మన మీదికి వేడి కక్కడం తగ్గితే ఒంటికి తెలిసే తేడా ఇంకా ఎక్కువ. తెల్ల పెయింట్ అంతా బిజినెస్ అనేవాళ్లకి ఒక మాట: తెలంగాణ 2023లో కూల్ రూఫ్ పాలసీనే తెచ్చి ప్రభుత్వ భవనాలకి తప్పనిసరి చేసింది.

మిగతావి గబగబా

ఫ్యాను వేడిగాలి కొడుతోందని ఫ్యాను మార్చకండి, స్లాబ్ కింద చేరిన గాలినే అది కిందికి తోస్తుంది. ఏసీ టన్ను నుంచి టన్నున్నరకి మారిస్తే గది చల్లబడచ్చు, స్లాబ్ వేడి అలాగే ఉంటుంది, బిల్లు మీది. సాయంత్రం ఆరింటికి టెర్రస్ మీద బకెట్లు కుమ్మరిస్తే కాసేపు ఉపశమనం, కానీ వేడి అప్పటికే సగం దిగిపోయింది, పైగా 2019 ఎండాకాలం నీటి కరువు చూసిన ఊళ్లో ఆ నీళ్లు పోయడానికి నాకైతే మనసు రాదు. అమెరికా వీడియోల్లో అటక్కి పెట్టే ఫ్యాన్లు మనకి పనికిరావు, అవి ఏటవాలు కప్పు కింద ఖాళీ ఉండే ఇళ్లకి. మన అటక స్లాబ్ కిందే, గదిలోనే ఉంటుంది. ఇంకో రెండంగుళాల సిమెంటు పోయించడం మరీ దండగ, వేడి కాస్త ఆలస్యంగా దిగుతుంది, బరువు మాత్రం శాశ్వతం.

నీడ మాత్రం నిజంగా పనిచేస్తుంది. నాలుగు వైపులా గాలి ఆడేలా షెడ్డు గానీ, కాస్త ఎత్తులో సోలార్ ప్యానెళ్లు గానీ ఉంటే వాటి కింద స్లాబ్ బాగా తేలికపడుతుంది.

అద్దె ఇల్లా? ఓనరు ఖర్చు పెట్టరా? టెన్షన్ వద్దు, అనుమతి అడిగి సున్నం కొట్టండి. ముందురోజు నానబెట్టి, వడగట్టి, అతుక్కోవడానికి కాస్త ఫెవికాల్ కలిపి, పొద్దున ఎండ రాకముందే తడి గచ్చు మీద రెండు చేతులు వేయండి. కళ్లద్దాలు పెట్టుకోండి, సున్నం కంట్లో పడితే ఆటలు కాదు. వానలకి పోతుంది, వచ్చే ఫిబ్రవరిలో మళ్లీ వేసుకోవడమే. నీళ్లు పోయే పైపు కన్నాలకి ముందే గుడ్డలు కుక్కండి, పని అయ్యాక తీయడం మర్చిపోవద్దు.