తెరచాప యాట్‌లో కరెంటు పని: కొన్ని అపోహలు, వాస్తవాలు

నెదర్లాండ్స్‌లో పెద్ద తెరచాప యాట్లు (విలాస పడవలు) కట్టే యార్డులో మెకానికల్, ఎలక్ట్రికల్ పనులు చూస్తుంటాను. మనవాళ్లు ఎవరు కలిసినా ఇవే మాటలు అంటుంటారు.

అపోహ: గాలికి నడిచే పడవకి ఇంజిన్లు, జనరేటర్లు ఎందుకు?

ఆ తెరచాపని విప్పేదే మోటారో, హైడ్రాలిక్ పంపో. 2006లో పూర్తయిన 88 మీటర్ల ‘మాల్టీస్ ఫాల్కన్’లో 15 తెరచాపలుంటాయి. చుట్టుకున్నప్పుడు స్తంభాల్లోనే దాక్కుంటాయి. గాలి దిశని బట్టి ఆ మూడు స్తంభాలే తిరుగుతాయి. ఇదంతా చేతులతో అయ్యే పని కాదు. ఏసీలు, వంటగది, ఉప్పునీటిని మంచినీరు చేసే ప్లాంటు సరేసరి. గాలి ఎంత బాగున్నా అవి నడవాల్సిందే.

అపోహ: మామూలు ఓడలో పనిచేసే యంత్రం ఇక్కడా పనిచేస్తుంది.

మాకు ఎక్కువ టెన్షన్ దీనితోనే. మామూలు ఓడ అటూ ఇటూ ఊగి మళ్లీ నిటారుగా నిలుస్తుంది. తెరచాప యాట్ ఒక పక్కకి ఒరిగితే గంటల తరబడి అలాగే పోతుంది. ఓడ ప్రధాన యంత్రాలు నిలకడగా 15 డిగ్రీలు, ఊగేటప్పుడు 22.5 డిగ్రీల పక్కవాలులో నడవాలని సోలాస్ (సముద్రంలో ప్రాణరక్షణకి అంతర్జాతీయ ఒప్పందం) నిబంధన. మరి 20 డిగ్రీల దగ్గర నిలకడగా ఒరిగిపోయే పడవ మాటేమిటి? సంప్‌లో (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో) ఆయిల్ ఒక మూలకి చేరి, పంపు గాలి పీల్చిందంటే జనరేటర్ బేరింగులు పోతాయి. అందుకే ఎంత వాలు వరకు, ఎంతసేపు నడుస్తుందో తయారీదారు దగ్గర ముందే రాయించుకుంటాం. చల్లబరిచే సముద్రపు నీటికి కూడా రెండు పక్కలా ద్వారాలు పెట్టి పైపుతో కలుపుతాం. పైకి లేచిన పక్క గాలి పీల్చినా రెండో పక్క నీళ్లలోనే ఉంటుంది.

పెద్దవాటి సంగతి అందరూ పట్టించుకుంటారు, ఏడిపించేవి చిన్నవే. సీలింగ్‌లో ఏసీ కింద నీటి చుక్కలు పట్టే ట్రే ఉంటుంది. దానికి ఒకే మూల డ్రెయిన్ ఉంటే, పడవ రెండో పక్కకి ఒరగ్గానే నీళ్లు ఖరీదైన చెక్క ప్యానెల్ మీదికి కారతాయి. అందుకే సీలింగ్ మూయకముందే ట్రేని బల్ల మీద వంచి, జగ్గుతో నీళ్లు పోసి చూస్తాం. చూసేవాళ్లకి నవ్వొస్తుంది గానీ, ప్యానెళ్లు బిగించాక అదే పనికి వడ్రంగులందర్నీ మళ్లీ పిలవాలి.

అపోహ: పడవ బాడీ (హల్) అల్యూమినియం కాబట్టి తుప్పు భయం లేదు.

ఇనుములా ఎర్రగా తుప్పు పట్టదు, నిజమే. కానీ రాగి తగిలి, దానికి ఉప్పునీటి తడి తోడైతే, ఆ చోట గుంటలు పడి తినేస్తుంది. కేబుల్ కోసినప్పుడు రాలిన వెంట్రుకంత రాగి పోగు అడుగున మిగిలిపోయినా ప్రమాదమే. సాయంత్రం పని ముగిశాక బిల్జ్ (పడవ లోపలి అడుగు భాగం) అంతా వాక్యూమ్ పట్టడం మాకు ఐచ్ఛికం కాదు. హల్‌ని కరెంటు తిరుగుదారిగా కూడా వాడం. డీసీకి ప్లస్, మైనస్ రెండు వైర్లూ విడిగా లాగి, ఎక్కడైనా లీకైతే అలారం మోగేలా మీటరు పెడతాం. రేవులో తీసుకునే కరెంటు ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (రేవు తీగలకీ పడవ తీగలకీ నేరుగా కలయిక లేకుండా చేసేది) గుండానే వస్తుంది. లేకపోతే పక్క పడవతో కలిసి మన హల్ బ్యాటరీలా తయారవుతుంది.

అపోహ: తెరచాపలతో పోతున్నప్పుడు ప్రొపెల్లర్‌ని నీళ్లే తిప్పుతాయి, ఇక కరెంటు ఫ్రీ.

2018లో వచ్చిన 106.7 మీటర్ల ‘బ్లాక్ పెర్ల్’ లాంటివి ఇలా కరెంటు తయారుచేస్తాయి. అయితే నీటి నుంచి దొరికే శక్తి వేగం ఘనంతో మారుతుంది. పడవ వేగం 14 నాట్ల నుంచి 7కి పడితే (నాట్ అంటే గంటకి సుమారు 1.85 కి.మీ.) సుమారు ఎనిమిదో వంతే దక్కుతుంది. పైగా ప్రొపెల్లర్ పడవని వెనక్కి లాగుతుంది. గాలి తక్కువున్న రోజు ఏసీ మొత్తం దీనిమీదే నడుస్తుందని ఓనరుకి చెప్పే సేల్స్‌వాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అపోహ: పడవలో డీసీ 24 వోల్టులే కదా, ఏమవుతుంది?

షాక్ కొట్టదనే ధీమా. కానీ 10 కిలోవాట్ల లోడుకి 24 వోల్టుల్లో 400 ఆంపియర్లు దాటతాయి. అదే 400 వోల్టుల త్రీ ఫేజ్‌లో 20 లోపే. ఒక్క లగ్ (కేబుల్ చివర బోల్టుతో బిగించే లోహపు ముక్క) వదులైతే చాలు, అక్కడ మంటే. అందుకే ప్రతి బోల్టునీ టార్క్ రెంచ్‌తో (ఎంత బిగించామో కొలిచే పానాతో) బిగించి మార్కర్‌తో గీత గీస్తాం. గీత పక్కకి జరిగి కనిపిస్తే బోల్టు కదిలినట్టే.