చలికాలం పెరట్లో నీళ్ళు ఎక్కడ ఆపాలి?

గోదావరి డెల్టాలో చలి పెరటి మొక్కల్ని చంపదు. పుష్యమాసం తెల్లవారుజామున కూడా చలి మామూలుగా 18 డిగ్రీల అటూ ఇటూ ఉంటుంది, అంతే. వంగ, టమాటా, చిక్కుడు, ఆకుకూరలకు ఇంతకంటే హాయైన కాలం లేదు. అయినా ఏటా ఈ రోజుల్లోనే నారు పడిపోతుంది, మిరప వడలిపోతుంది, కరివేపాకు పసుపెక్కుతుంది. చాలావరకు కారణం నీరు. వేసవిలో నీళ్ళు పెట్టడమే పని, చలికాలంలో నిలిచిన నీళ్ళు బయటికి తీయడం, తగ్గించడం, కొన్ని చెట్లకు పూర్తిగా ఆపెయ్యడం పని.

కార్తీకం దాటేసరికి ఈశాన్య రుతుపవనం వానలు, తుపాన్లు నేలను బాగా నానబెట్టి వెళ్తాయి. సార్వా (వానాకాలం వరి) కోతలయ్యాక దాళ్వాకు (రెండో పంట వరికి) మళ్ళీ చేలల్లో నీళ్ళు నిలుపుతారు. ఇంటికి రెండు మూడు పక్కల వరిచేలున్న ఊళ్ళలో ఆ ఊట పెరట్లోకి దిగుతుంది. మరోవైపు ఎండ తీవ్రత తగ్గి నేలనుంచి ఆవిరయ్యే నీరు మే నెలతో పోలిస్తే దాదాపు సగానికి పడిపోతుంది. చెయ్యి మాత్రం వేసవి అలవాటునే పట్టుకుని పాదుకో బిందె పోస్తూనే ఉంటుంది.

వేరు కూడా ఊపిరి పీలుస్తుంది. మట్టి రేణువుల మధ్య సందుల్లో గాలి ఉంటే ప్రాణవాయువు వేరుకు సులువుగా అందుతుంది. ఆ సందులు నీటితో నిండితే అదే వాయువు గాలిలో కంటే సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా కదులుతుంది. వేరు కొసలు ఉక్కిరిబిక్కిరై చచ్చిపోతాయి. చచ్చిన వేరు నీటిని లాగలేదు కాబట్టి మొక్క తడినేలలోనే వాడుతుంది. వాడింది కదా అని ఇంకో చెంబు పోస్తారు, దాంతో మిగిలిన వేళ్ళూ పోతాయి. మధ్యాహ్నం వాడి సాయంత్రానికి తేరుకుంటే అది ఎండ తాపం, అంతే. తెల్లవారుజామున కూడా తలవాల్చి ఉంటే వెంటనే నీరు పొయ్యకండి, పాదు తవ్వి చూడండి. మట్టి మురుగు వాసన కొట్టి, వేళ్ళు గోధుమరంగుకు తిరిగి, వాటి పైతొక్క చేతికి ఊడి వస్తే అది నీరెక్కువై వచ్చిన కుళ్ళు.

అందుకే నవంబరు చివర్లో పెరట్లో మొదటి పని గునపంతో రెండడుగుల గొయ్యి తవ్వి, పైన తాటాకో రేకో కప్పి, మర్నాడు పొద్దున చూడడం. అడుగున్నరలోపే నీరు ఊరి ఉంటే ఆ పెరట్లో నేలమట్టాన ఏదీ నాటకూడదు. మీటరు వెడల్పు, 20 సెంటీమీటర్ల ఎత్తున మళ్ళు కట్టి, చుట్టూ అడుగు లోతు బోదె తీసి, దాన్ని మురుగు కాలవలోకి వాలుగా కలపాలి. వెడల్పు మీటరు మించితే నడుమ కలుపు తీయడానికి మడిలోకి అడుగు పెట్టాల్సి వస్తుంది. తడి నల్లరేగడి మీద ఒక్క అడుగు పడితే ఆ చోట గాలి సందులు మూసుకుపోతాయి. చదరపు మీటరుకు బాగా చివికిన పశువుల ఎరువు 2 నుంచి 3 కిలోలు చాలు. గోదావరి లంకల ఒండ్రుమట్టి అయితే ఇంత శ్రమ అక్కర్లేదు, నీరు తనే దిగిపోతుంది.

నీరెప్పుడు పెట్టాలో చెయ్యే చెప్తుంది. మూడంగుళాల లోతునుంచి గుప్పెడు మట్టి తీసి పిసకండి. ముద్దయి, వేళ్ళకు అంటుకుంటే ఇంకా వద్దు. ముద్దయినా తాకగానే విడిపోతే పెట్టొచ్చు. రేగడిలో చలికాలం ఐదారు రోజులకోసారి, ఇసుక నేలలో రెండు మూడు రోజులకోసారి సరిపోతుంది. పొద్దునపూట, మొక్క మొదలు దగ్గర మాత్రమే పొయ్యాలి, ఆకుల మీద కాదు.

నారుమడిలో ఈ లెక్క తప్పితే ఒక్క రాత్రిలో తెలిసిపోతుంది. నిన్న సాయంత్రం నిటారుగా ఉన్న వంగనారు పొద్దునకి చాపలా పరుచుకుని ఉంటుంది. ఒక మొలకను తీసి చూస్తే ఆకులు ఇంకా పచ్చగానే ఉంటాయి. మట్టికి ఆనిన చోట కాడ మాత్రం నీరుకారి, దారంలా సన్నబడి ఉంటుంది. ఇదే నారుకుళ్ళు. చాలాసార్లు దీనికి కారణం పిథియం అనే సూక్ష్మజీవి. దాని సిద్ధబీజాలకు తోకలుంటాయి, నీటి పొరలో ఈదుకుంటూ మొలకను చేరతాయి. తడి లేకపోతే అవి కదలలేవు. వరసకూ వరసకూ నాలుగంగుళాల ఎడం ఇచ్చి, విత్తనాన్ని దాని మందానికి రెండు రెట్ల లోతున మించకుండా వేసి, పైన గడ్డి కప్పి రోజ్‌క్యానుతో పలచగా తడపాలి. మొదటి మొలకలు కనబడిన సాయంత్రమే ఆ గడ్డి తీసెయ్యాలి. మర్నాటికి వదిలినా నారు తెల్లగా, పొడుగ్గా సాగి కాడ బలహీనపడుతుంది.

ముందు జాగ్రత్తగా కిలో చివికిన ఎరువుకు 20 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి పొడి కలిపి, తేమ చల్లి, తడి గోనె కప్పి వారం నుంచి పది రోజులు నీడలో ఉంచితే ఆ మేలుచేసే శిలీంధ్రం తెల్లగా అల్లుకుంటుంది. విత్తే ముందు మడి పైమట్టిలో దాన్ని కలపాలి. కుళ్ళు అప్పటికే మొదలైతే లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మట్టి తడిసేలా పొయ్యాలి. ఈ రెండూ ఒకేసారి చెయ్యొద్దు, రాగి మందు ట్రైకోడెర్మాను కూడా చంపేస్తుంది.

నారు నాటే వయసు కూడా ముఖ్యమే. టమాటాకు 25 రోజులు, క్యాబేజీ, కాలీఫ్లవర్లకు 25 నుంచి 30, వంగకు 30 నుంచి 35, మిరపకు 35 నుంచి 40. నలభై ఐదు రోజుల కాలీఫ్లవర్ నారు చవగ్గా వస్తోందని తెచ్చి నాటితే మొక్క ఎదగకుండానే బొత్తాం అంత పువ్వు వేసి ఊరుకుంటుంది. కడియం నర్సరీల్లో కొనేటప్పుడైనా, సంతలో కొనేటప్పుడైనా నారు ఎన్నిరోజులదో ముందు అడగాలి. కొత్తిమీర సంగతి సులువు. ధనియం ఒక్కటి కాదు, రెండు గింజల జంట. చెక్కతో మెల్లగా నలిపి రెండుగా విడదీసి, ఒక రాత్రి నానబెట్టి జల్లితే ఎనిమిది నుంచి పన్నెండు రోజుల్లో మొలుస్తుంది.

ఇక ఆకు మీది నీరు. మబ్బులేని రాత్రి ఆకు తన వేడిని ఆకాశంలోకి వదిలి చుట్టూ ఉన్న గాలికంటే చల్లబడుతుంది. గాలిలోని ఆవిరి దానిమీద మంచుబిందువై నిలుస్తుంది. టమాటా ఆకుమాడు లాంటి తెగుళ్ళ బీజాలు మొలకెత్తడానికి కొన్ని గంటలు ఆగకుండా తడి కావాలి. సాయంత్రం ఆకులు తడిపితే మంచు పడేదాకా ఉన్న ఆ నాలుగైదు గంటల పొడి కాలాన్ని కూడా మనమే తడి చేసినట్టు. టమాటాకు కర్ర కట్టి లేపి, కింద నేలకు తగిలే ఆకులు అడుగు ఎత్తు వరకు తీసేస్తే గాలాడి పొద్దున తొందరగా ఆరుతుంది.

బూడిద తెగులు దీనికి సరిగ్గా ఎదురు. సొర, దోస, బెండ ఆకుల మీద పిండి జల్లినట్టు కనబడే ఈ బూజుకు గాలిలో తేమ కావాలి గాని ఆకు మీద నీరు నిలిస్తే గిట్టదు. పగలు పొడిగా, రాత్రి తేమగా ఉండే సంక్రాంతి రోజులు దానికి పండగే. ఒక వంతు పాలు, తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి వారానికోసారి ఎండపొద్దున చల్లితే పెరటి మట్టుకు అదుపులో ఉంటుంది. నీడలో అది పెద్దగా పనిచెయ్యదు. బెండ, మామిడి పూతలకు నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు వాడొచ్చు. దోసజాతి తీగల ఆకులు గంధకానికి మాడతాయి, వాటికొద్దు. వేపనూనె చల్లిన రెండు మూడు వారాల్లోపు గంధకం ఏ మొక్క మీదా చల్లకూడదు.

కార్తీకంలో కడవలు కడిగే పొద్దుండదని పెద్దలంటారు. డిసెంబరు 21 ప్రాంతంలో ఇక్కడ పగలు సుమారు 11 గంటలు, జూన్‌లో 13. ఈ రెండు గంటల తేడాని చిక్కుడు పాదు లెక్కపెడుతుంది. ఆషాఢంలో వేసినా శ్రావణంలో వేసినా నాటు చిక్కుడు రాత్రులు పొడుగెక్కాకే పూస్తుంది. పగటి పొడవును బట్టి మొక్కలు పూస్తాయని గార్నర్, అలార్డ్ అనే అమెరికా శాస్త్రవేత్తలు 1920లో తేల్చారు. నిజానికి మొక్క కొలిచేది రాత్రినని, నడిరాత్రి కాసేపు వెలుగు పడినా ఆ లెక్క చెడుతుందని 1938లో హామ్నర్, బోనర్ చూపారు. వీధిదీపం కింది పందిరి ఒకవైపు ఆకులతో కళకళలాడుతూ పూత లేకుండా ఉంటే ఎరువు పెంచకండి. దీపానికి ఆ వైపు రేకు అడ్డం పెట్టండి. చామంతికీ ఇదే వైద్యం.

పూత రాగానే పేనుబంక వస్తుంది. చిక్కుడు పూగుత్తి కాడను కళ్ళదగ్గర పెట్టుకు చూస్తే నల్లటి పేలు ఒకదానికొకటి ఆనుకుని తలలు కిందికి దించి రసం పీలుస్తుంటాయి. ఆడపేలు జతకట్టకుండానే పిల్లలను కంటాయి, అందుకే నాలుగు రోజుల్లో గుత్తంతా నిండుతుంది. వాటి వెనక కారే తీపి కోసం చీమలు కాపలా కాస్తాయి. అక్షింతల పురుగు వస్తే తరిమేది ఈ చీమలే. పందిరి గుంజలకు చుట్టూ గ్రీజు పూసిన గుడ్డ కట్టి ముందు చీమల దారి ఆపండి. తర్వాత పొద్దున నీటిధారతో పేలను దులిపి, మిగిలిన వాటికి లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, ఒక గ్రాము సబ్బుపొడి కలిపి చల్లండి. ఉబ్బి గోధుమరంగుకు మారి కదలని పేలు కనబడితే ఆ గుత్తిని వదిలెయ్యండి. వాటి లోపల పేలను తినే కందిరీగ పిల్ల పెరుగుతుంటుంది.

పూర్తిగా నీరు ఆపాల్సినవి మామిడి, మల్లె. బంగినపల్లి, కొత్తపల్లి కొబ్బరి ఏదైనా సరే, కాపుకొచ్చిన చెట్టుకు నవంబరు నుంచి పూత విచ్చేదాకా నీరు, నత్రజని ఇవ్వకూడదు. ముదిరిన కొమ్మ, చల్లని రాత్రి, కాస్త ఎండిన నేల కలిస్తే మొగ్గ పూతవైపు తిరుగుతుంది. పక్కన అరటికి పెట్టే నీరు పారినా చాలు, చెట్టు ఎర్రటి లేతాకు వేసి ఆ ఏడు కాపు ఎగ్గొడుతుంది. పిందె బఠాణీ గింజంత అయ్యాక నీరు మొదలుపెట్టాలి. పూత బాగా విచ్చిన రోజుల్లో ఏ మందూ కొట్టొద్దు, మామిడికి పరపరాగం మోసేది ఎక్కువగా ఈగలే. మల్లెకు నవంబరు చివరి నుంచి జనవరి మొదటి వారంలోపు నీరు ఆపి, నేలనుంచి ఒకటిన్నర అడుగుల ఎత్తున కత్తిరించి, పాదు తవ్వి పది రోజులు ఎండనివ్వాలి. తర్వాత మొక్కకు 10 కిలోల ఎరువు వేసి నీరు పెడితే వేసవికి మొగ్గ దండిగా వస్తుంది.

కొబ్బరి కింద అరటాకులు, జామాకులు మసి పూసినట్టు నల్లబడితే పైకి చూడండి. 2016లో మన దేశంలో మొదట కనబడిన సర్పిలాకార తెల్లదోమ ఆకు అడుగున చుట్లు చుట్లుగా గుడ్లు పెడుతుంది. వానలు ఆగాక దాని ఉధృతి పెరుగుతుంది. అది విసర్జించే తీపి జిగురు మీద పెరిగిందే ఆ మసి. మసి ఆకులోకి దిగదు, ఎండను మాత్రం అడ్డుతుంది. లీటరు నీటికి 10 గ్రాముల మైదా కాచి పలచని గంజిలా చల్లితే ఎండకు పొరలా లేచి మసితో సహా రాలిపోతుంది. తెల్లదోమకు రసాయన మందు కొట్టకండి. ఎన్‌కార్సియా అనే కంటికి ఆనని కందిరీగ దాని పిల్లల్లో గుడ్లు పెట్టి చంపుతుంది. ఈ కందిరీగ బయటికొచ్చిన గుండ్రటి చిన్న రంధ్రాలున్న తెల్లదోమ పొలుసులతో నిండిన ఆకుముక్క దొరికితే తెగులున్న మరో చెట్టుకు కట్టండి.

కోనసీమలో చవగ్గా దొరికే పచ్చి కొబ్బరిపొట్టును కుండీల్లో నేరుగా నింపడం పెద్ద పొరపాటు. అందులో నత్రజనికి వంద రెట్లు కర్బనం ఉంటుంది. దాన్ని తినే సూక్ష్మజీవులు మొక్కకు దక్కాల్సిన నత్రజనిని లాక్కుంటాయి, ఆకులు పసుపుబారతాయి. రెండు మూడు సార్లు కడిగి, పేడతో కలిపి కుళ్ళబెట్టాకే వాడాలి. నేలను కప్పడానికి వరిగడ్డి మేలు, రెండంగుళాల మందం, కాడకు రెండంగుళాల దూరం.

భోగిమంట బూడిదలో పొటాష్ ఉంటుంది గాని డెల్టా రేగడి చాలావరకు ముందే క్షారగుణం కలది. పెద్ద చెట్టుకు రెండు మూడు గుప్పిళ్ళు, అరటి, కొబ్బరి పాదులకే చాలు. ఎక్కువైతే ఇనుము, జింకు వేరుకు అందవు. యూరియాతోనో పచ్చిపేడతోనో కలిపితే నత్రజని అమోనియాగా ఎగిరిపోతుంది. మంటలో టైర్లు, ప్లాస్టిక్ పడి ఉంటే ఆ బూడిద పెరట్లోకి రానివ్వద్దు.

రథసప్తమి నాటికి చిక్కుడు పాదు మధ్య ఎత్తున, రోగం లేని తీగమీద పాతిక కాయలు విత్తనానికి వదలండి. కాయ ఎండి గలగలమన్నాక కోసి, గింజలు వలిచి, మూడు రోజులు పొద్దుటి ఎండలో పెట్టండి. పంటికింద టక్కున విరిగితే ఎండినట్టు. నొక్కు పడితే ఇంకో రోజు. నీడలో కాస్త చల్లారబెట్టి, జల్లించిన పిడకల బూడిద కలిపి సీసాలో మూతబిగించి ఉంచండి. బూడిద గింజల మధ్య ఖాళీని నింపుతుంది, పెంకుపురుగు కదలడానికి చోటుండదు. మూతమీద పేరు, నెల రాయడం మరవకండి.