డ్రాక్యులా రచయిత బ్రామ్ స్టోకర్: అపోహలు - వాస్తవాలు

పీజీ విద్యార్థులకు పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు నవల బోధించడం నా వృత్తి. రక్తం తాగే పిశాచి అయిన ఒక ప్రభువు కథ చెప్పే ‘డ్రాక్యులా’ పాఠం మొదలుపెట్టే రోజున తరగతిలో ఆ పేరు ఎవరికీ కొత్తగా ఉండదు. కథ తెలుసంటారు, రచయిత గురించి కూడా నాలుగు సంగతులు చెబుతారు. వాటిలో చాలావరకు సినిమాల నుంచి, పర్యాటక ప్రకటనల నుంచి వచ్చినవే. బ్రామ్ స్టోకర్ అంటే నాకు ఎంతో గౌరవం. ఆయన ఊహాశక్తి కంటే ఆయన పడిన శ్రమే ఆ గౌరవానికి కారణం. ఈ అపోహలన్నీ కలిసి సరిగ్గా ఆ శ్రమనే మరుగున పడేస్తున్నాయి.

అపోహ: ఒక రాత్రి పీతలు ఎక్కువగా తిని పడుకుంటే వచ్చిన పీడకలే ఈ నవల.

పీతల ముచ్చట స్టోకర్ స్వయంగా చెప్పిందేనని ఆయన కుటుంబంలో అనుకునేవారు. కల వచ్చే ఉండవచ్చు, నాకు అభ్యంతరం లేదు. అయితే నవల కోసం ఆయన రాసుకున్న నోట్సు నేటికీ అమెరికాలో, ఫిలడెల్ఫియాలోని రోసెన్‌బాక్ సంస్థలో భద్రంగా ఉంది. అందులో తేదీ వేసిన తొలి కాగితం 1890 మార్చి 8 నాటిది. నవల అచ్చయింది 1897 మే నెలలో. అంటే మధ్యలో ఏడేళ్లు గడిచాయి.

ఆ కాగితాల్లో ఏమున్నాయో చూడండి. ఏ రోజున ఏ పాత్ర ఎక్కడ ఉండాలో చూపే క్యాలెండరు ఉంది. రైళ్ల వేళలు ఉన్నాయి. సమాధి రాళ్ల మీది రాతల నకళ్లు ఉన్నాయి. తలకు దెబ్బ తగిలితే ఏమవుతుందో, శస్త్రచికిత్స ఎలా చేస్తారో సర్జన్ అయిన అన్న థోర్న్‌లీ బొమ్మ గీసి మరీ రాసి ఇచ్చిన చీటీ ఉంది. నవలలో పిచ్చాసుపత్రి రోగి రెన్‌ఫీల్డ్ చావుబతుకుల్లో ఉన్న ఘట్టానికి ఆధారం అదే. ఒక యువకుడి చుట్టూ స్త్రీలు చేరడం, వారిలో ఒకామె అతడి గొంతు మీద ముద్దు పెట్టబోవడం, ముసలి ప్రభువు కోపంతో అడ్డుపడడం తొలి కాగితాల్లోనే కనిపిస్తాయి. కల ఏదైనా ఇచ్చి ఉంటే ఈ ఒక్క సన్నివేశాన్నే ఇచ్చి ఉండాలి. మిగిలిందంతా బల్ల ముందు కూర్చుని సాధించుకున్నది.

అదైనా తీరిక ఉన్న మనిషి చేసిన పని కాదు. ఆనాటి మేటి నటుడు హెన్రీ ఇర్వింగ్ నడిపిన లండన్ లైసియం థియేటర్‌కు స్టోకర్ బిజినెస్ మేనేజర్. 1878లో చేరి, 1905లో ఇర్వింగ్ మరణించేదాకా ఆయన వెంటే ఉన్నాడు. లెక్కలు, ఉత్తరాలు, అతిథి మర్యాదలు, బృందాన్ని వెంటబెట్టుకుని అమెరికా యాత్రలు, అన్నీ ఆయన భుజాల మీదే. నవల రాసుకోవడానికి మిగిలింది ఎక్కువగా వేసవి సెలవులే.

అపోహ: డ్రాక్యులా అంటే చరిత్రలోని వ్లాడ్ రాజే.

అన్నిటికంటే గట్టిగా పాతుకుపోయిన అపోహ ఇది. వ్లాడ్ పదిహేనో శతాబ్దంలో, నేటి రొమేనియాలో భాగమైన వలేకియాను ఏలిన రాజు. శత్రువులను కొర్రు వేయించిన క్రూరుడిగా పేరుపడ్డాడు. స్టోకర్ తన రాక్షసుడికి మొదట పెట్టుకున్న పేరు కౌంట్ వాంపైర్, అంటే రక్తపిశాచి ప్రభువు. కథను మొదట అనుకున్నది ఆస్ట్రియాలోని స్టిరియా ప్రాంతంలో. 1890 వేసవిలో ఆయన కుటుంబంతో ఇంగ్లండ్ తూర్పు తీరంలోని విట్‌బీకి వెళ్లాడు. అక్కడి గ్రంథాలయంలో విలియం విల్కిన్సన్ 1820లో అచ్చువేయించిన పుస్తకం ఒకటి ఆయన చేతికి అందింది. వలేకియా, మొల్దావియా సంస్థానాల గురించిన పుస్తకం అది. అందులోని ఒక అధోజ్ఞాపికలో, అక్కడివాళ్లు డ్రాక్యులా అనే మాటను సైతాను అనే అర్థంలో వాడతారని ఉంది. స్టోకర్ దాన్ని నోట్సులోకి ఎక్కించుకున్నాడు. పాత పేరు కొట్టేసి కొత్తది రాసుకున్నాడు.

ఆయన వ్లాడ్ నుంచి తీసుకున్నది దాదాపు ఇంతే: ఒక పేరు, తురుష్కులతో యుద్ధం గురించి రెండు మూడు వాక్యాలు. వ్లాడ్ అనే పేరు నోట్సులో లేదు, నవలలోనూ లేదు. కొర్రు శిక్షల ప్రస్తావన అసలే లేదు. సమాధి రాయి మీది పేరును కూడా వదలకుండా రాసుకున్న రచయిత, అంత భయంకరమైన సంగతి తెలిసి ఉంటే వదిలేసేవాడా? నేను నమ్మను. పైగా నవలలోని ప్రభువు తాను ట్రాన్సిల్వేనియాలోని సెకెలీ జాతివాడినని గర్వంగా చెప్పుకుంటాడు. ఆ వంశగర్వానికీ వలేకియా రాజుకూ పొత్తు కుదరదు. ఇద్దరూ ఒకరేనన్న వాదం ప్రపంచమంతా పాకడానికి ప్రధాన కారణం 1972లో ఇద్దరు చరిత్రకారులు రాసిన ‘ఇన్ సెర్చ్ ఆఫ్ డ్రాక్యులా’. నవల వచ్చిన డెబ్బై అయిదేళ్లకు వెలువడిన పుస్తకం అది.

అపోహ: ట్రాన్సిల్వేనియా కోటల్లో తిరిగి, చూసి రాశాడు.

ఆయన ఎన్నడూ అక్కడికి వెళ్లలేదు. పర్యాటకులకు డ్రాక్యులా కోటగా చూపే బ్రాన్ కోట పేరు నవలలో ఎక్కడా లేదు. కథలోని కోట ఉన్నది దానికి చాలా దూరంగా, బోర్గో కనుమ దగ్గర. కొండలు, దుస్తులు, భోజనం, మూఢనమ్మకాలు, అన్నీ యాత్రికుల పుస్తకాల నుంచి సేకరించినవే. ఎమిలీ జెరార్డ్ 1885లో రాసిన ట్రాన్సిల్వేనియా నమ్మకాల వ్యాసం వాటిలో ముఖ్యమైనది.

కళ్లారా చూసిన చోటు విట్‌బీ. 1885 అక్టోబరులో ‘దిమిత్రీ’ అనే రష్యన్ ఓడ తుపానులో అక్కడి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. ఆ వివరాలను స్టోకర్ తీర రక్షక సిబ్బందిని అడిగి తెలుసుకున్నాడు. దిమిత్రీ నార్వా రేవుకు చెందిన ఓడ. నవలలో అది వార్నా నుంచి వచ్చే ‘డిమీటర్’ అయింది. నార్వా అక్షరాలే తారుమారై వార్నా అయ్యాయి. కథలోని ఓడ రేవులోకి వచ్చేటప్పుడు చుక్కానికి కట్టేసుకున్న కెప్టెన్ శవం తప్ప మనిషి జాడ ఉండదు. నవల మొత్తంలో నాకు అత్యంత భయం కలిగించే భాగం ఆ కెప్టెన్ రాసుకున్న రోజువారీ పద్దు. నావికులు ఒక్కొక్కరే మాయమవుతుంటే ఆయన ముక్తసరిగా తేదీ వేసి రాస్తూపోతాడు.

అపోహ: మన బేతాళ కథల నుంచి ఎత్తుకున్నాడు.

తెలుగు విద్యార్థులు తప్పక అడిగే ప్రశ్న ఇది. సంబంధం బొత్తిగా లేదనలేం. బేతాళ కథలను 1870లో ఇంగ్లీషులో తిరగరాసిన యాత్రికుడు రిచర్డ్ బర్టన్‌ను స్టోకర్ ఎరుగును. మాట్లాడేటప్పుడు ఆయన కోరపళ్లు కనబడే తీరును తన జ్ఞాపకాల్లో ప్రత్యేకంగా వర్ణించాడు కూడా. కానీ నోట్సులో స్టోకర్ రాసుకున్న పుస్తకాల జాబితాలో బర్టన్ బేతాళ కథలు లేవు. మన బేతాళుడు పరుల శవంలో దూరి, చిక్కుప్రశ్నలు వేసి, చివరికి రాజుకు మేలు చేస్తాడు. రక్తం కోసం తిరిగే డ్రాక్యులాది వేరే కుదురు. ఆ కుదురు ఐరోపాలో అప్పటికే ఉంది. ఇంగ్లీషు రచయిత పొలిడోరి రక్తపిశాచి కథ 1819లోనూ, ఐరిష్ రచయిత లె ఫాన్యూ ‘కార్మిల్లా’ 1872లోనూ వచ్చాయి.

అపోహ: స్టోకర్ చీకటి గదిలో బతికిన వింత మనిషి.

బాల్యంలో ఏడేళ్ల వయసు దాకా మంచం పట్టిన మాట నిజం. ఆ తరువాత డబ్లిన్ ట్రినిటీ కళాశాలలో పేరున్న క్రీడాకారుడయ్యాడు. 1882లో థేమ్స్ నదిలో దూకిన ఒక వ్యక్తిని కాపాడబోయి తానూ నీళ్లలోకి దూకాడు. ఆ మనిషి బతకలేదు గానీ, స్టోకర్‌కు కాంస్య పతకం వచ్చింది.

అంతకంటే ముఖ్యమైన సంగతి, లైసియంలో చేరకముందు ఆయన డబ్లిన్‌లో ప్రభుత్వోద్యోగి. ఆయన తొలి పెద్ద పుస్తకం భయానక కథ కాదు, ఐర్లండ్ చిన్న కోర్టుల గుమాస్తాల విధుల మీద 1879లో వచ్చిన కరదీపిక. నా విద్యార్థులు దీన్ని పట్టించుకోరు. కానీ ‘డ్రాక్యులా’ను చదివేటప్పుడు మరచిపోకూడని పుస్తకం అది. నవల నిండా దస్తావేజులే: డైరీలు, టెలిగ్రాములు, ఉత్తరాలు, పత్రికల కత్తిరింపులు, ఫోనోగ్రాఫులో నింపిన మాటలు. కథానాయిక మీనా వాటన్నిటినీ టైపు చేసి, తేదీల వారీగా అమర్చి, ఒకేసారి మూడు ప్రతులు తీస్తుంది. డ్రాక్యులా ప్రభువు వాళ్లున్న ఇంట్లోకి చొరబడి ఆ కాగితాలను తగలబెడతాడు. అప్పటికే ఒక ప్రతి ఇనప్పెట్టెలో ఉంది. పిశాచిని దూరంగా ఉంచే శిలువ, వెల్లుల్లి ఎంత కాపాడాయో ఆ నకలూ అంతే కాపాడింది. గుమాస్తాల పని తెలిసిన రచయితకే తట్టే ఘట్టం అది.

అపోహ: నవలను ఆనాడు ఎవరూ మెచ్చలేదు.

సమీక్షలు ఎక్కువగా మంచివే వచ్చాయి. అమ్మకాలు మాత్రం ఆయన్ను ధనవంతుణ్ణి చేయలేదు. 1911లో ఆర్థిక సాయానికి దరఖాస్తు పెట్టుకుంటే రాయల్ లిటరరీ ఫండ్ 100 పౌండ్లు ఇచ్చింది. మరుసటి ఏడాది ఏప్రిల్ 20న ఆయన కన్నుమూశాడు. మరణానికి సుఖవ్యాధి కారణమని 1975లో ఒక బంధువు రాశాడు. పరిశోధకుల్లో దాని మీద ఏకాభిప్రాయం లేదు. నేను తరగతిలో ఆ చర్చ పెట్టను.

అపోహ: సినిమా చూశాం, కథ తెలుసు.

తెలియదు. నవలలో ప్రభువు పట్టపగలు లండన్ పికడిల్లీ వీధిలో నడుస్తాడు. ఎండ తగిలి పిశాచి నశించడం 1922 నాటి జర్మన్ చిత్రం ‘నోస్ఫెరాటు’తో మొదలైంది. అనుమతి లేకుండా తీసిన ఆ చిత్రం మీద స్టోకర్ భార్య ఫ్లోరెన్స్ కోర్టుకెక్కి, ప్రతులను నాశనం చేయాలన్న ఉత్తర్వు సంపాదించింది. అయినా కొన్ని మిగిలాయి. ఆ ఊహ కూడా మిగిలింది. నవల చివర్లో ప్రభువును చంపేది కొయ్య మేకు కాదు, రెండు కత్తులు. వాటిలో ఒకటి గూర్ఖాల కుక్రీ.

కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది కనుక మూల నవల ఉచితంగా దొరుకుతుంది. మొత్తం చదవడానికి జంకేవారు ఏడో అధ్యాయంలోని డిమీటర్ ఓడ పద్దుతో మొదలుపెట్టండి.