వేదిక కింద కూర్చున్నవాళ్లకు ఉత్తరం

ప్రియమైన పిల్లలకు,

ఈ ఉత్తరం పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకుని బడిలో సన్మానం అందుకుంటున్నవాళ్ల కోసం రాయడం లేదు. వాళ్లకు శాలువా, షీల్డు, ఫొటో అన్నీ అందుతాయి. గ్రౌండులో తరగతుల వారీగా కూర్చుని, సార్ చెప్పినప్పుడల్లా చప్పట్లు కొడుతున్న మీకు రాస్తున్నాను. హైస్కూల్లో చాలాకాలం లెక్కలు చెప్పి రిటైరయిన మాస్టారిని. ఇలాంటి సభల్లో వేదిక మీద కూర్చోవడం కన్నా మీ వెనక నిలబడి అల్లరి ఆపడమే నాకు ఎక్కువ అలవాటు. అందుకే సభ మీ వైపు నుంచి ఎలా కనిపిస్తుందో కొంత తెలుసు.

పదో తరగతివాళ్లకు సన్మానం జూన్‌లో ఎందుకు చేస్తారో ఎప్పుడైనా ఆలోచించారా? పరీక్షలు మార్చిలో మొదలై ఏప్రిల్‌లోకల్లా అయిపోతాయి. ఫలితాలు సరిగ్గా వేసవి సెలవులు మొదలయ్యే రోజుల్లో వస్తాయి. 2025లో ఆంధ్రప్రదేశ్ ఫలితాలు ఏప్రిల్ 23న, తెలంగాణ ఫలితాలు ఏప్రిల్ 30న వచ్చాయి. ఆ ఎండల్లో బడిలో సభ పెడితే వచ్చేవాళ్లెవరు? కాబట్టి జూన్ 12న బడులు తెరిచాక, పుస్తకాల పంపిణీ కాస్త సర్దుకున్నాక ఓ రోజు పెట్టుకుంటారు.

అప్పటికి సన్మానం అందుకునే అక్క మీ బడి విద్యార్థిని కాదు. టీసీ తీసుకుని ఏ జూనియర్ కాలేజీలోనో చేరి ఉంటుంది. లేకపోతే పాలిసెట్ కౌన్సెలింగ్‌కో, ట్రిపుల్ ఐటీ సెలెక్షన్ లిస్టుకో ఎదురుచూస్తూ ఉంటుంది. ఆమె పరీక్ష అయిపోయింది. శాలువా కప్పినంత మాత్రాన ఆ మార్కులు పెరగవు. ఆ పరీక్ష ఇంకా రాయాల్సినవాళ్లు మీరు. ఆ లెక్కన ఈ సభ మీదే. కానీ మీ చేతికి వచ్చేది ఏమిటి? ఒక లడ్డూ, ఒక చాక్లెట్, రెండు గంటల ఎండ.

నేను చూసిన సభలు చాలావరకు ఒకేలా ఉండేవి. ఫ్లెక్సీ మీద నాయకుల ఫొటోలు పెద్దవి, పిల్ల ఫొటో పాస్‌పోర్టు సైజు. అతిథులకు బొకేలు, ఒకరి తర్వాత ఒకరి ఉపన్యాసాలు. అబ్దుల్ కలాం గారి కలల మాట ఒక్కరైనా ఎత్తకుండా ఉండరు. చివర్లో టైమ్ అయిపోయిందని పిల్లలను గబగబా పిలిచి షీల్డు ఇచ్చి కిందికి పంపేస్తారు. మైకు మాత్రం ఇవ్వరు. నాకు కోపం వచ్చేది అక్కడే. ఆ వేదిక మీద, కిందటేడు మీ బెంచీల మీదే కూర్చుని, మీ పంతుళ్ల దగ్గరే చదివి, మీరు తినే మధ్యాహ్న భోజనమే తిని నెగ్గుకొచ్చిన మనిషి ఒక్కతే. మాట్లాడనిది కూడా ఆమె ఒక్కతే!

బహుమతులను మాత్రం తక్కువ చేయను. చాలా ఊళ్లలో దాతలు తల్లిదండ్రుల పేరు మీద బ్యాంకులో డిపాజిట్ వేసి, ఆ వడ్డీతో ఏటా స్కూల్ ఫస్ట్ వచ్చినవాళ్లకు బహుమతి ఇప్పిస్తారు. వెయ్యి నూటపదహార్లో, అయిదు వేల నూటపదహార్లో. ఎప్పుడో వేసిన డిపాజిట్‌కు ఇప్పుడొచ్చే వడ్డీ ఒక మంచి డిక్షనరీకి కూడా చాలకపోవచ్చు. అయినా ఎక్కడో స్థిరపడిన మనిషికి తన ఊరి బడి గుర్తుండటం చిన్న విషయం కాదు.

ఒక ఊళ్లో నేను పనిచేస్తున్నప్పుడు మా హెచ్‌ఎం గారు ఒక పద్ధతి పెట్టారు. ముందు పిల్లలు మాట్లాడాలి, తర్వాతే అతిథులు. పిల్లలు 'అందరికీ నమస్కారం, నా విజయానికి కారణం మా ఉపాధ్యాయులు' అని బట్టీపట్టిన నాలుగు ముక్కలు చెప్పి దిగిపోతే ఊరుకునేవారు కాదు. తొమ్మిదీ పదీ తరగతులవాళ్లు ప్రశ్నలు అడగాల్సిందే. మొదటి సంవత్సరం ఎవరూ నోరు తెరవలేదు. చివరికి వెనక వరసలోంచి ఒకడు లేచి, "అక్కా, మీ ఇంట్లో టీవీ ఉందా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ అమ్మాయీ నవ్వింది. "ఉంది. ఇంట్లోవాళ్లు సీరియల్ చూస్తుంటే వంటింట్లో కూర్చుని లెక్కలు చేసేదాన్ని. సీరియల్ అయిపోయాక సోషల్ చదివేదాన్ని. లెక్కలకు చప్పుడు ఉన్నా ఫర్వాలేదు, సోషల్‌కి మాత్రం నిశ్శబ్దం కావాలి" అంది.

చూశారా, ఆ రోజు ఉపన్యాసాలన్నీ కలిపినా అంత పనికొచ్చే మాట రాలేదు. అక్కడి నుంచి ప్రశ్నలు ఆగలేదు. లెక్కల్లో ఎక్కడ మార్కులు పోయేవని ఒకమ్మాయి అడిగింది. గ్రాఫ్ గీసి స్కేలు రాయడం మర్చిపోయేదట. ప్రతి స్లిప్ టెస్టు తర్వాత తప్పులను నోటుబుక్కు చివరి పేజీలో రాసుకుని, పరీక్ష ముందురోజు ఆ ఒక్క పేజీ చూసుకునేదట. తర్వాతి వారంలో మా పదో తరగతి పిల్లల నోటుబుక్కులకు చివరి పేజీలు పుట్టుకొచ్చాయి. మేం ఎన్నేళ్లుగా చెప్పినా వినని పని అది.

అందుకే అడుగుతున్నాను. ఈసారి సభలో చప్పట్లు కొట్టాక ఒక ప్రశ్న కూడా అడగండి. 'ఎన్ని మార్కులు' అన్నది ఫ్లెక్సీ మీదే ఉంటుంది. 'ఎలా' అన్నది అడగాలి. ఏ సబ్జెక్టుకు భయపడింది? అర్థం కానప్పుడు ఎవరిని అడిగింది? ఇంటి పని, పొలం పని ఉన్న రోజుల్లో ఏం చేసింది? స్టడీ అవర్లో నిద్ర వస్తే ఏం చేసింది? మైకు దగ్గర అడగడానికి సిగ్గయితే సభ అయ్యాక చెట్టు కింద పట్టుకుని అడగండి. అలా అడిగితే విసుక్కున్న అక్కను, అన్నను నేను ఇంతవరకూ చూడలేదు. తమ కష్టం గురించి ఎవరైనా అడిగితే చెప్పుకోవాలని ఎవరికి ఉండదు?

మార్కుల గురించి కూడా ఒక మాట. పదో తరగతి బోర్డు 600కి మార్కులు ఇస్తుంది తప్ప ఎవరికీ ర్యాంకు ఇవ్వదు. 'స్టేట్ ఫస్ట్' అని బస్టాండు దగ్గర కనిపించే హోర్డింగులు స్కూళ్లు సొంతంగా వేసుకున్నవి. ఉమ్మడి రాష్ట్రంలో ఈ పోటీ శ్రుతి మించిందనే 2012లో మార్కులు తీసేసి గ్రేడ్లు పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో, తెలంగాణలో 2025లో మళ్లీ మార్కులు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో మార్కులు తిరిగి ఇచ్చిన ఏడాదే ర్యాంకుల పేరిట ప్రకటనలు వేయవద్దని ప్రభుత్వం ఆదేశం కూడా ఇచ్చింది. హోర్డింగులు ఎంతవరకు తగ్గాయో మీ ఊరి సెంటర్‌కి వెళ్లి మీరే చూడండి.

ఒక బడిలో సాధించినవాళ్లంటే మొదటి ముగ్గురేనా? మార్చిలో లెక్కల్లో తప్పి, తోటివాళ్లంతా ఇంటర్ అడ్మిషన్ల గురించి మాట్లాడుకుంటుంటే నడిఎండలో మళ్లీ చదివి, సప్లిమెంటరీలో 35 దాటిన కుర్రాడిని ఏ సభకూ పిలవరు. నా చేతుల్లో ఉంటే మొదటి శాలువా వాడికే. మండల స్థాయి కబడ్డీ దాటి అండర్-17 రాష్ట్ర పోటీలకు వెళ్లొచ్చిన పిల్ల ఉంటుంది. ఇన్‌స్పైర్ మానక్ సైన్సు పోటీలో తన ఆలోచన ఎంపికై, ప్రాజెక్టు తయారీకి 10,000 రూపాయలు అందుకున్న పిల్లాడు ఉంటాడు. వీళ్లను కూడా వేదిక ఎక్కించమని మీరే వెళ్లి హెచ్‌ఎం గారిని అడగొచ్చు. పిల్లలు అడిగితే కాదనే హెచ్‌ఎంలు తక్కువ.

మలావత్ పూర్ణ పేరు మీరు వినే ఉంటారు. నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి, సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కేనాటికి ఆమెకు 14 ఏళ్లు కూడా నిండలేదు. ఆమెతోపాటు ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు. మే 25 సంగతి అందరూ చెబుతారు. దానికి ముందు భువనగిరి గుట్ట మీద తాడు పట్టుకుని మొదటిసారి ఎక్కిన రోజులు, డార్జిలింగ్‌లో శిక్షణ, లద్దాఖ్ చలి గురించి అడిగేవాళ్లు తక్కువ. నాకైతే ఎవరెస్టు కన్నా భువనగిరి గుట్టే ఎక్కువ ఆసక్తి. మనలాంటివాళ్లకు మొదట ఎదురయ్యేది అదే కదా.

ఇంకొకరు జీవాంజి దీప్తి. వరంగల్ జిల్లా కల్లెడ, కూలి పనులు చేసుకునే ఇంటి బిడ్డ. పుట్టుకతోనే మేధోపరమైన వైకల్యం ఉండటంతో చిన్నప్పుడు ఎన్నో మాటలు పడింది. ఆమె పరుగును మొదట గుర్తించింది బడిలో పీఈటీ సారే. 2024 మేలో జపాన్‌లోని కోబెలో జరిగిన పారా అథ్లెటిక్స్ పోటీల్లో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరిగెత్తి తన విభాగంలో ప్రపంచ రికార్డు సృష్టించింది. సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్ ఫైనల్లో ఆమె టైమ్ 55.82. మూడో స్థానం, కాంస్యం. ఆ రోజు బంగారం గెలిచిన అమ్మాయి టైమ్ 55.16. కోబెలో పరిగెత్తినట్టు పరిగెత్తి ఉంటే బంగారం దీప్తిదే. అయినా ఆమె ఓడిపోయిందని ఎవరైనా అన్నారా? ఊరు ఊరంతా పండగ చేసుకుంది.

ప్రీ ఫైనల్లో 540 వచ్చి పబ్లిక్‌లో 512 వచ్చిన పిల్లలకు ఈ సంగతి ప్రత్యేకంగా చెబుతుంటాను. మన గరిష్ఠం ఒక రోజున వస్తుంది, ఆ రోజు పరీక్ష రోజే కావాలని ఏమీ లేదు. ఆ 512 కూడా మీరు సంపాదించినదే. దాన్ని ఇంట్లో తలదించుకుని చెప్పకండి. పక్కింటి పిల్లతో పోల్చే అమ్మానాన్నలు ఉంటారు, ఆ టెన్షన్ నాకు తెలుసు. వాళ్లకు మీ నిరుటి మార్కులు చూపించండి. పోలిక అక్కడి నుంచి మొదలైతే మాట్లాడటం తేలిక.

ఇక ఎనిమిదో తరగతిలో అడుగుపెట్టినవాళ్లు ఇది శ్రద్ధగా చదవండి. జూన్ సభల్లో ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ సాధించినవాళ్లను కూడా పిలుస్తారు. అది ఏమిటో తెలియకుండానే చాలామంది చప్పట్లు కొడతారు. అది 2008లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకం, దేశం మొత్తం మీద ఏటా లక్ష మందికి ఇస్తారు. తొమ్మిది నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా ఏడాదికి 12,000 చొప్పున, నాలుగేళ్లకు 48,000 రూపాయలు. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో చదువుతూ, కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షల లోపు ఉండాలి. ఏడో తరగతిలో 55 శాతం మార్కులు కావాలి, ఎస్సీ, ఎస్టీలకు 50 చాలు. కేంద్రీయ విద్యాలయాలు, నవోదయలు, ప్రభుత్వ రెసిడెన్షియల్ స్కూళ్లవాళ్లకు ఇది వర్తించదు.

పరీక్ష ఎనిమిదో తరగతిలోనే, సాధారణంగా నవంబరు, డిసెంబరు నెలల్లో ఉంటుంది. ఒక్కసారే అవకాశం. 90 ప్రశ్నలు రీజనింగ్, 90 ప్రశ్నలు లెక్కలు, సైన్సు, సోషల్. రీజనింగ్ క్లాసులో నేర్పే సబ్జెక్టు కాదు కాబట్టి మొదటిసారి చూసినప్పుడు బెదిరిపోతారు. పాత పేపర్లు చేస్తే నెల తిరిగేసరికి ఆటలా అనిపిస్తుంది. కిందటేడు వచ్చిన అన్నలు, అక్కలు ఇప్పుడు మీ బడిలోనే తొమ్మిదిలో ఉన్నారు. వాళ్ల దగ్గర పేపర్లు ఉంటాయి, వెళ్లి తెచ్చుకోండి.

స్కాలర్‌షిప్ వచ్చాక ఏటా పోర్టల్‌లో రెన్యువల్ చేయించాలి. తొమ్మిది మొదటి ప్రయత్నంలోనే పాస్ కావాలి. ఇంటర్‌లో కూడా కొనసాగాలంటే పదిలో 60 శాతం రావాలి, ఎస్సీ, ఎస్టీలకు 55. ఇంకో చిన్న పని ఈ నెలలోనే చేసుకోండి. ఆధార్ కార్డులో మీ పేరు, బడి రిజిస్టరులో మీ పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉన్నాయో లేదో చూడండి. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరాల్లో, ఇంకోచోట పూర్తిగా ఉంటే డబ్బు ఖాతాలో పడే వేళ చిక్కు వస్తుంది. తేడా ఉంటే క్లాస్ టీచర్‌కి చెప్పి, నాన్నగారిని తీసుకుని ఆధార్ సెంటర్‌కి వెళ్లండి. ఆదాయ ధ్రువీకరణ పత్రానికి కూడా ఇప్పుడే దరఖాస్తు పెట్టించండి. చివరి తేదీ దగ్గర పడితే క్యూలు పెరుగుతాయి, సర్వర్ మొరాయిస్తుంది.

ఆశీస్సులతో,
మీ లెక్కల మాస్టారు తాతయ్య