అంటువ్యాధుల వేళ రోబోలు: అపోహలు - వాస్తవాలు

ఆసుపత్రుల్లో రోబోలను అమర్చడం, అవి మొరాయిస్తే మళ్లీ నడిపించడం నా పని. కోవిడ్ తర్వాత వీటి మీద ఆశలు బాగా పెరిగాయి. నేను మాత్రం ఏ రోబోనైనా ముందు ఒకటే అడుగుతాను: ఇది వచ్చాక రోగి గదిలోకి మనిషి వెళ్లాల్సిన సార్లు తగ్గాయా? మాట్లాడుతుందా, కళ్లార్పుతుందా అన్నది తర్వాత సంగతి.

అపోహ: రోబో ఉంటే నర్సు అక్కర్లేదు.

2020 జనవరిలో అమెరికాలో బయటపడిన మొదటి కోవిడ్ రోగికి వాషింగ్టన్ రాష్ట్రంలోని ఎవరెట్‌లో చికిత్స చేశారు. కెమెరా, తెర, స్టెతస్కోప్ ఉన్న రోబో సాయంతో డాక్టర్ గది బయటి నుంచే రోగిని చూశారు. వార్తలన్నీ రోబో గురించే. దాన్ని గదిలో అటూ ఇటూ జరిపింది మాత్రం లోపలున్న నర్సింగ్ సిబ్బంది.

అంటే తప్పింది డాక్టర్ రాకపోకలు. అది చిన్న లాభమేమీ కాదు. లోపలికి వెళ్లిన ప్రతిసారీ పీపీఈ కిట్ వేసుకోవాలి, విప్పాలి. విప్పేటప్పుడే కలుషితమైన భాగం ఒంటికి తగిలే ప్రమాదం ఎక్కువ. 2014లో పశ్చిమాఫ్రికాలో ఎబోలా వార్డుల్లో పనిచేసినవాళ్లకు ఆ వేడిలో నిండా కప్పుకొని గంటసేపు ఉండటమే కష్టమయ్యేది. అలాంటి చోట మానిటర్ మీద అంకెలు చదవడానికి ఒక మనిషిని పంపడం ఎంత దండగ! ఇటలీలోని వరెజే ఆసుపత్రిలో 2020లో రోబోలను మంచం పక్కన నిలబెట్టింది ఈ పనికే. సెలైన్ మార్చడం, రోగిని పక్కకు తిప్పి పడుకోబెట్టడం, ఊపిరాడక భయపడేవాళ్లకు ధైర్యం చెప్పడం నర్సుల చేతుల్లోనే ఉన్నాయి, ఉంటాయి.

అపోహ: యూవీ (అతినీలలోహిత కాంతి) రోబో ఒక చుట్టు తిరిగితే గదంతా శుభ్రం.

నన్ను ఎక్కువగా విసిగించే నమ్మకం ఇది. ఈ రోబోల్లో ఎక్కువగా వాడే పాదరసం దీపాలు 254 నానోమీటర్ల యూవీ-సీ కాంతిని ఇస్తాయి. అది సూక్ష్మజీవుల జన్యుపదార్థాన్ని దెబ్బతీసి, అవి పెరగకుండా చేస్తుంది. కానీ అది కాంతి. నీడ పడిన చోట పనిచేయదు. మంచం కింద, రెయిలింగ్ వెనక, ముడతపడిన దుప్పటి లోపల సూక్ష్మజీవులు క్షేమంగా ఉంటాయి. దూరం పెరిగేకొద్దీ తీవ్రత పడిపోతుంది. రక్తం మరకో, దుమ్మో ఉంటే దాని కింద ఉన్నదానికీ కాంతి అందదు. అందుకే ముందు మనిషి గుడ్డతో తుడవాలి, తర్వాతే దీపం. గదిలో రెండు మూడు చోట్ల ఆపి వెలిగిస్తేగానీ నీడలు తగ్గవు.

పైగా ఈ కాంతి కళ్లకు, చర్మానికి హాని చేస్తుంది కాబట్టి గది ఖాళీ చేయాలి. తలుపు తెరుచుకుంటే దీపం ఆరిపోయే ఏర్పాటును "అడ్డొస్తోంది, తీసేయండి" అని అడిగేవాళ్లున్నారు. నేను తీయను.

అపోహ: రోబోకు జబ్బు రాదు కాబట్టి దానితో భయం లేదు.

జబ్బు రాదు, మోసుకొస్తుంది. చక్రాలు, ట్రే, టచ్‌స్క్రీన్, గాలి తీసుకునే ఫ్యాన్ జాలీ... వార్డులో తిరిగే ట్రాలీకి వర్తించే నియమాలన్నీ దీనికీ వర్తిస్తాయి. బయటికి రాగానే తుడవాలి. ఎవరు తుడుస్తారు, ఏ ద్రవంతో? క్లోరిన్ ద్రావణం పదే పదే తగిలితే కొన్ని ప్లాస్టిక్‌లు, సెన్సర్ల అద్దాలు పాడవుతాయి. కొనే ముందు ఈ ప్రశ్న అడిగేవాళ్లు చాలా తక్కువ.

అపోహ: డ్రోన్లతో, రోబో బండ్లతో వీధులన్నీ మందు చల్లితే వైరస్ పోతుంది.

2020 మేలోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇది వద్దని చెప్పింది. దుమ్ము, మట్టి ఆ రసాయనాన్ని నిర్వీర్యం చేస్తాయి. మనుషుల మీద చల్లడం ఎట్టి పరిస్థితుల్లోనూ కూడదంది. చూడటానికి హడావిడిగా ఉంటుంది, అంతే.

అపోహ: గేటు దగ్గర జ్వరం చూసే రోబో ఉంటే రోగులు దొరికిపోతారు.

అది చూసేది చర్మం పైని వేడిని. లక్షణాలు లేనివాళ్లు, పారాసిటమాల్ వేసుకొచ్చినవాళ్లు దాటిపోతారు.

అపోహ: రోబో అంటే కళ్లూ చేతులూ ఉండి నడిచేది.

కోవిడ్‌లో ఎక్కువ మందికి పనికొచ్చిన వాటిలో చాలా రోబోలు ల్యాబ్ బల్లల మీద ఉన్నాయి. 96 గుంతల ప్లేట్లలోకి కొలిచిన చుక్కలు పోయడం, శాంపిల్ నుంచి ఆర్‌ఎన్‌ఏ (వైరస్ జన్యుపదార్థం) వేరుచేయడం వాటి పని. అలసిపోయిన టెక్నీషియన్ పొరపాటున ఒక గుంత తప్పితే ఒకరి రిపోర్టు ఇంకొకరికి వెళ్తుంది. యంత్రం ఆ ముప్పును తగ్గిస్తుంది. అయితే 2020 తొలి నెలల్లో ఆర్‌ఎన్‌ఏ కిట్లకే కొరత వచ్చింది. రీఏజెంట్ (పరీక్షకు వాడే రసాయనం) లేకపోతే ఎంత ఖరీదైన యంత్రమైనా ఖాళీగా కూర్చోవాల్సిందే.

అపోహ: మహమ్మారి వచ్చాక రోబో కొనుక్కుంటే సరిపోతుంది.

అప్పుడు నాలాంటి వాళ్లను వార్డులోకి ఎవరూ రానివ్వరు. రోబోకు భవనం మ్యాప్ నేర్పాలి. లిఫ్టుతో అనుసంధానం చేయాలి. గడపల ఎత్తు, బరువైన తలుపులు, వైఫై అందని మూలలు చూసుకోవాలి. సిబ్బందికి చేయి తిరగాలి. ఇవన్నీ మామూలు రోజుల్లోనే జరగాలి.

ఘనాలో 2020 ఏప్రిల్‌లో గ్రామీణ ప్రాంతాల కోవిడ్ శాంపిళ్లను జిప్‌లైన్ అనే సంస్థ డ్రోన్లు ఆక్రా, కుమాసీ నగరాల ల్యాబ్‌లకు చేర్చాయి. అదే సంస్థ అక్కడ ఏడాది ముందు నుంచే రక్తం, టీకాలు, మందులు చేరవేస్తోంది. డ్రోన్లు, సిబ్బంది అంతా అప్పటికే సిద్ధం. శాంపిళ్లు ఆ సరుకుల జాబితాలో ఇంకొకటిగా చేరాయి.